ఆరు నిమిషాల దమ్ము

మూడేళ్ళ కిందట, దుర్గాపూజకు నెల ముందు, భవానీపూర్‌లో మా వార్డు సఫాయి వాళ్ళకు ఆర్డరు వచ్చింది. యాభై అయిదు దాటి చెత్తబండి నెట్టేవాళ్ళందరూ దమ్ము పరీక్షకు రావాలి. నాకప్పుడు యాభై ఏడు. మా ఆయన పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు. దాంతోపాటు ఆయన బండీ, ఆయన బీటూ వచ్చాయి. బీటంటే రోజూ ఊడ్చే వీధుల వరస. పదహారేళ్ళు ఆ బండి నెట్టాక నాకు దమ్ముందో లేదో పెద్దలకు అనుమానం వచ్చింది. రావలసిందే.

పరీక్ష తప్పితే ‘అన్‌ఫిట్’ అని రాసి ఇంటికి పంపుతారు. రిటైరవడానికి నాకింకా మూడేళ్ళుంది.

పరీక్ష పదింటికి. నేను బీటు వదిలేస్తే అది పక్క బీటు మనిషి నెత్తిన పడుతుంది. మాలో ఎవరూ అలా చెయ్యరు. అందుకని వీధులన్నీ ఊడ్చి, మూడు బండ్ల చెత్త దింపి, ఆ కాళ్ళతోనే వెళ్ళాను.

వార్డు ఆఫీసు వరండాలో ఈ గీత నుంచి ఆ గీతకు ఆరు నిమిషాలు వేగంగా నడవాలి. పరుగెత్తకూడదు. దూరం కొలుస్తారు, ముందూ వెనకా నాడి చూస్తారు. డాక్టరమ్మ బెంగాలీ పిల్ల. గడియారం నొక్కి, “చలో మాషీ” అంది, నడు పిన్నీ అని.

మొదటి మలుపులో బీడీ ముక్క కనబడింది. వంగి తీశాను. రెండో మలుపులో ఇంకొకటి, పక్కనే టీ తాగి పడేసిన మట్టికప్పు. అవీ తీశాను. చెత్తను దాటుకుని నడవడం నాకెవరూ నేర్పలేదు.

బల్ల దగ్గర కూర్చున్న మా సర్దారు సింహాచలం నవ్వాడు. మా పనిమీద అజమాయిషీ ఆయనదే.

“ఏటొదినా, పరీక్షకొచ్చినావా, డూటీకొచ్చినావా?”

“నీ బీడీలే బావూ. నువ్వు కాల్చినావు, నానేరినాను. కొత్తేటి?”

ఆరు నిమిషాలయ్యాయి. పాసవ్వాల్సిన దూరానికి ఇరవై అడుగులు తక్కువొచ్చింది. సింహాచలం వెంటనే రిజిస్టరు తెరిచాడు. ఏ పనికీ ఆయన చెయ్యి అంత చురుగ్గా కదలడం నేనెన్నడూ చూడలేదు.

డాక్టరమ్మ మాత్రం నా మణికట్టు వదల్లేదు. నిమిషంలో నాడి నెమ్మదించిందట. పాడైన గుండె అంత తొందరగా కుదుటపడదంది. పొద్దున్నుంచీ ఏం చేశానో అడిగింది, చెప్పాను. వయసు, పుట్టుకతో వచ్చిన ఒంటి తీరు, రోజూ చేసే కష్టం, రక్తంలో ఇనుము, పొగతాగడం, అన్నీ కలిసి మనిషి ఊపిరిని ఎంత వాడుకోగలడో తేలుస్తాయని చెప్పింది. అలిసిన ఒంటినీ, వంగి లేచే మనిషినీ కొలిస్తే లెక్క తప్పుతుందంది. తరవాత సర్దారును కూడా నడవమంది. మూడో నిమిషానికి ఆయన స్తంభం పట్టుకున్నాడు. స్తంభం గట్టిదే కాబట్టి నిలబడింది.

మర్నాడు డ్యూటీకి ముందు నన్ను మళ్ళీ నడిపించారు. వరండా శుభ్రంగా ఉంది. ఎవరు ఊడ్చారో మీరడగక్కర్లేదు. దూరం సరిపోయింది, ఇంకా మిగిలింది. రక్తంలో ఇనుము తక్కువుందని మాత్రలిచ్చారు. అరవై నిండేదాకా ఆ బండి నెట్టాను.

సర్దారును ఎవరూ ‘అన్‌ఫిట్’ అనలేదు. కుర్చీలో కూర్చునేవాళ్ళకు ఆ ఆర్డరు లేదు. నాకు తెలిసిందొకటే. దమ్ము కొలవబోయేవాళ్ళు ముందు ఆ మనిషి ఏ పని దిగి వచ్చిందో అడగాలి. వాళ్ళు అడక్కపోతే మనమే చెప్పాలి, రిజిస్టరు తెరవకముందే.