చాచా ముక్కు ముందు గుప్పెడు నువ్వులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ ముక్కుకు మంచి వాసనంటే ఏమిటో నేర్పింది మాత్రం కరీంనగర్‌లో నేను ఖాలా అని పిలిచే మా పక్కింటామె. ఇప్పుడు ఏ పెళ్లికి పోయినా ఒక్కొక్కరు కొట్టుకొచ్చే సెంటుకు నా తల పగిలిపోతుంది. ఖాలా చేసే మల్లె నూనె అట్లా మీద పడి పీక్కుతినదు. తలకు రాసుకుంటే మర్నాడు దిండు మీద కూడా ఉంటుంది. మణికట్టు మీద ఒక్క చుక్క రుద్దుకుంటే, దగ్గరికి వచ్చిన మనిషికే తెలుస్తుంది.

ఖాలా భర్తను నేను చాచా అంటాను. ఊళ్లో గడియారం చౌరస్తా దగ్గర చిన్న అత్తరు దుకాణం ఆయనది. నూనె చేసేది ఖాలా, అమ్మేది చాచా. ఆ నూనెలోనే కాస్త గంధం నూనె కలిపి, దూది ఉండకు అద్ది చెవి మడతలో పెట్టుకొమ్మని ఇచ్చేవాడు.

గులాబీని, వట్టివేరును ఉడికించి వాసన దింపుకోవచ్చు గానీ మల్లెకు పొయ్యి సెగ పడదని ఖాలా నమ్మకం. అందుకే ఆమె నువ్వులు కడిగి, ఎండబెట్టి, గుడ్డ మీద పలచగా పోస్తుంది. సాయంత్రం విచ్చబోయే మొగ్గలను వాటి మీద పరిచి, పైన మళ్లీ నువ్వులు పోస్తుంది. తెల్లారేలోపు పువ్వు వదిలే వాసననంతా నువ్వులు తాగేస్తాయి. పొద్దున వాడిన పూలు ఏరెయ్యడం, సాయంత్రం కొత్తవి పరచడం. ఇట్లా పదిహేను రోజులు చేశాకే గానుగకు పంపేది. అబ్బ, ఎంత ఓపికమ్మా ఆమెది! నాకైతే మూడో రోజుకే విసుగొస్తుంది.

రోజూ పొద్దున ఒక గుప్పెడు నువ్వులు చాచా ముక్కు ముందు పెట్టడం వాళ్ల ఇంటి ఆచారం. బాగుంటే తల ఊపేవాడు. బాగాలేకుంటే ముఖం తిప్పుకొనేవాడు. అంతే. నోరు తెరిచి మెచ్చుకుంటే ముత్యాలు రాలుతాయా అని ఖాలా దెప్పేది.

ఒక ఏడాది ఎండలు ముదిరినప్పుడు చాచాకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. దుబాయి నుంచి కొడుకు వీడియో కాల్ చేస్తే గోడను చూసినట్టే చూసేవాడు. ఆయనకు మనుషులు తెలుస్తున్నారో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. చుట్టాలు ఆయన మంచం పక్కనే కూర్చుని, ఆయన లేనట్టే దుకాణం ఎవరు చూసుకోవాలో మాట్లాడుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఖాలా లేచి వెళ్లి నువ్వులు కడిగింది.

"నన్ను మర్చిపోయిండో ఏమో గని, మల్లె వాసన మర్వడు" అన్నది నాతో.

పూలు తెప్పించడం నా వంతు. లక్సెట్టిపేట దగ్గర మా తమ్ముడి తోట నుంచి మధ్యాహ్నం బస్సుకు మొగ్గలు వచ్చేవి. వారం గడిచింది. ఖాలా రోజూ గుప్పెడు పట్టుకుపోయేది. చాచా తల ఊపలేదు, ముఖం తిప్పుకోలేదు. ఆమె ఆ నువ్వులు తెచ్చి మళ్లీ గుడ్డ మీద కలిపేది. అది చూడటం నా వల్ల అయ్యేది కాదు.

ఎనిమిదో రోజు ఖాలాకు జలుబు, జ్వరం. రెండు సాయంత్రాలు పూలు నేనే పరిచాను. మల్లెలు చేతికొస్తే నీళ్లు చల్లి తడిగుడ్డ కప్పడం మా అవ్వ నేర్పిన పని. జడలోకైనా దేవుడికైనా మాకు అదే పద్ధతి. ఖాలా మొగ్గలను నీడలో ఆరబెట్టి గానీ పరచదని రోజూ చూస్తూ కూడా, ఎండకు వాడిపోతాయేమోనని బాగా నీళ్లు చల్లాను, నా తెలివి తగలెయ్య. రెండో రాత్రి గడిచాక పొద్దున, పైన కప్పిన గుడ్డ ఎత్తితే మక్కిన వాసన గుప్పుమన్నది. ఖాలాకు ముక్కు దిబ్బడ, ఆమెకేమీ తెలియలేదు. నేను నోరు తెరిచేలోపే గుప్పెడు తీసుకొని లోపలికి పోయింది.

ముక్కు ముందు పెట్టగానే చాచా నొసలు ముడిపడింది. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె అటు పక్కకు పోయి మళ్లీ పెట్టింది. ఎడమ చేత్తో నెట్టేశాడు. నువ్వులు పక్కంతా చిందాయి.

నీళ్లు చల్లింది నేనేనని, సరుకంతా నాశనం చేశానని ఏడుస్తూ చెప్పాను. ఖాలా నా మాట వింటేగా! దుప్పటి మీది నువ్వులు ఏరుతూ నవ్వుతున్నది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"చూసినవా బిడ్డా, వద్దన్నడు. మనిషి ఈడనే ఉన్నడు."

ఆ రోజు నుంచి చాచా మంచం దగ్గర దుకాణం మాట ఎత్తనివ్వలేదు ఆమె. ఏదైనా ఉంటే ఆయననే అడగమన్నది. చెడిన నువ్వులు పారబోసి మొదటి నుంచి మొదలుపెట్టాం. వానలు పడితే పూలు అయిపోతాయని నాకు పరేషాన్. రోజూ ఫోన్‌లో తమ్ముడి ప్రాణం తీశాను. ఆ పదిహేను రోజులూ ఖాలా గుప్పెడు తీసుకుపోలేదు. అడిగితే, సగం చేసిన పని ఆయనకు చూపియ్యనన్నది. భయమని నాకు తెలుసు.

చివరి పొద్దున గానుగకు పోవడానికి ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. అప్పుడు తీసుకుపోయింది గుప్పెడు. చాచా కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు పీల్చాడు. తల ఊపలేదు, ముఖం తిప్పుకోలేదు. ఎడమ చేత్తో ఆమె గుప్పెడును పట్టుకున్నాడు. బయట ఆటో హారన్ కొడుతున్నది. నేను గుమ్మంలో నిలబడి ఖాలాను పిలిచాను.

"ఆటోను జర ఆగుమను" అన్నది ఆమె. చాచా ఇంకా చెయ్యి వదల్లేదు.