తాత పేరున్న కుండ

ఈ ఉదయం కొత్త కుండలో నీళ్లు పోయగానే లేచిన మట్టివాసనకు చిన్నప్పటి తార్నాక గుర్తొచ్చింది. యూనివర్సిటీలో తోటపని చేసే తాత ఎండదెబ్బకు పోయిన మరుసటి వేసవి, నానమ్మ కుండ మీద ఆయన పేరు రాయించి ఓ బట్టల షాపు ఎదుట చలివేంద్రం పెట్టింది.

"మొదటి గ్లాసు సేటుకియ్యి బిడ్డా. తాత పేరు చెప్పి ఇయ్యి" అనేది రోజూ.

ఆ షాపు సేటంటే నానమ్మకు ఎంత ప్రేమో అనుకునేదాన్ని. ఆయన మాత్రం గిరాకీల ముందు కాదనలేక, తల దించుకుని తాగేవాడు.

తాత చివరిరోజు నీళ్లడిగితే షాపు మెట్ల మీంచి వెళ్లగొట్టింది ఆయనేనని పెద్దయ్యాక తెలిసింది.

"మరి తిట్టకపోయినవా?" అని నానమ్మను అడిగాను.

"తిడితే ఒక్కనాటికే మర్చిపోతుండె" అన్నది.

ఇప్పుడు నేను నడిపే ఆ చలివేంద్రం కుండ మీద నానమ్మ పేరు కూడా చేరింది. సేటు ముసలివాడయ్యాడు. మొదటి గ్లాసు ఇంకా ఆయనకే.