రెండు మెట్లు కింద

యూనివర్సిటీ సంగీత శాఖలో పియానో వాయించే ఆవిడకి మనుషులంటే గౌరవం పోయి చాలా ఏళ్లయింది. పంతొమ్మిదేళ్లుగా టెంపరరీ. ఏటా నాలుగు నెలలు ఒపెరా, అంటే పాటల నాటకం, రిహార్సళ్లకి ఆర్కెస్ట్రా బదులు వేళ్లు పడిపోయేలా వాయించడం, అసలు ఆర్కెస్ట్రా దిగగానే కుర్చీ ఖాళీ చేయడం, ఇదీ ఆవిడ ఉద్యోగం.

ఈసారి పాతకాలపు హాస్య ఒపెరా. పిసినారి ముసలి యజమానిని పనిపిల్ల బుట్టలో వేసుకునే కథ. ఆ పనిపిల్ల వేషాన్ని శాఖాధిపతిగారు తీసుకెళ్లి సొంత కూతురికి కట్టబెట్టారు. ఆ అమ్మాయి గొంతు పైకి లేపితే తుప్పు పట్టిన తలుపు తీసినట్టుండేది. మహానుభావుడు మాత్రం కళ్లు మూసుకుని గంగిరెద్దులా తలాడించేవారు.

"మా అమ్మాయి చేత బాగా పాడించండమ్మా. మీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టేస్తాను," అన్నారొక రోజు.

ఛీ, వీడూ ఒక సంగీతజ్ఞుడేనా అనుకుందావిడ. అనుకుని, మర్నాడే అమ్మాయి పాటల శ్రుతి ఆ గొంతుకి అందేలా ఒక మెట్టు దించి వాయించింది. పై వారం ఇంకో మెట్టు. బాగుందమ్మా అని అమ్మాయితో కూడా అంది. ఆయనకి తెలిస్తే కదా! అమ్మాయి గొంతు విచ్చుకుందని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకు తిరిగారు.

"రేపు ఆర్కెస్ట్రా వస్తే ఏం చేస్తావే?" అంది ఇంట్లో అక్క.

"ఈలోపు సంతకం పడిపోతుంది. తర్వాత వాళ్ల ఏడుపు వాళ్లు ఏడుస్తారు."

అనుకున్నట్టే సంతకం పడింది. ఆ సాయంత్రమే ఆర్కెస్ట్రా దిగింది. మొదటి పాటకే అమ్మాయి గొంతు పగిలింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ పగిలింది. వయొలిన్ల వాళ్లు తలలు దించుకుని నవ్వుకున్నారు. శాఖాధిపతి లేచి, మీరు తప్పు వాయిస్తున్నారని ఆర్కెస్ట్రా మీద విరుచుకుపడ్డారు.

"అచ్చు పుస్తకంలో ఉన్నదే వాయిస్తున్నామండీ. అమ్మాయే రెండు మెట్లు కింద ఎత్తుకుంటోంది. ఇన్నాళ్లూ అలాగే పాడించినట్టున్నారు," అన్నాడు ఆర్కెస్ట్రా నడిపించేవాడు.

శాఖాధిపతి తిట్టబోయే తిట్లకి జవాబుగా పంతొమ్మిదేళ్ల విషం నాలుక చివర పెట్టుకుని కూర్చుందావిడ. వచ్చింది ఆయన కాదు, అమ్మాయి.

"మా నాన్నకి చెవి లేదని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు ఆంటీ. ఆయన మెచ్చుకుంటే ఏనాడూ నమ్మలేదు. మీరు బాగుందంటేనే నమ్మాను. రావట్లేదని ఒక్కమాట అనుంటే తప్పుకునేదాన్ని కదా."

ఆ విషం మింగి, ఆవిడ పియానో మూత దించింది. అమ్మాయి కళ్లు తుడుచుకుని స్టేజీ దిగి వెళ్లిపోయింది.