ముక్త్యాల టవర్, మిస్డ్ కాల్స్

2004. జగ్గయ్యపేట, నందిగామ వైపు సెల్ టవర్లు చూసే ఇంజనీర్ని నేను. ముక్త్యాల టవర్ మీద కంప్లైంట్లన్నీ ఒకే మనిషి నుంచి వచ్చేవి. ఆ ఊళ్లో కాన్పు కేసులు చూసే నర్సు, కరుణ సిస్టర్.

"సాయంత్రమైతే మీ ఫోను చచ్చినట్టేనండి. మొన్న బాలింతకి రక్తం పోతుంటే, జీపు కోసం ఎన్నిసార్లు కొట్టినా నెట్‌వర్క్ బిజీనే. సిమెంటు లారీలో వేసుకుని జగ్గయ్యపేట ఆసుపత్రికి తీసుకెళ్లా. బతికింది కాబట్టి సరిపోయింది. ఇంకో అమ్మాయికి నెలలు నిండాయి. దానికీ లారీయేనా?"

నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు, నా రిపోర్టు మీద. ఒక ఫ్రీక్వెన్సీని ఎనిమిది టైమ్ స్లాట్లుగా విడగొట్టి, వంతులవారీగా జనానికి పంచడం మా పని. రిపోర్టులో చూస్తే మాట్లాడుకునే స్లాట్లు ఖాళీగానే ఉన్నాయి. మరి బిజీ ఏమిటి, నా మొహం!

సాయంత్రం వెళ్లి, ఆ ఊళ్లో ఎక్కువమంది గుమిగూడే సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. లోడు కోసం ఆగిన లారీలు బారులు తీరి ఉన్నాయి. డ్రైవర్లందరూ రింగ్ ఇవ్వడం, కట్ చేయడం, మళ్లీ ఇవ్వడం.

"ఎవరికయ్యా అన్ని రింగులు?" అని ఒకతన్ని అడిగాను.

"లోపల లోడింగ్ మేస్త్రీకండి, నా వంతొచ్చిందా అని. వస్తే ఆయన తిరిగి మిస్డ్ కాల్ ఇస్తాడు. పొరపాటున ఎత్తామా, కాల్ డబ్బులు పోయాయని తిట్లే!"

ఓరి మీ దుంపతెగ అనుకున్నాను. మాట మొదలవకముందే ఫోను టవర్ని స్లాట్ అడుగుతుంది. ఆ అడిగే దారిని సిగ్నలింగ్ చానల్ అంటాం. ఈ మిస్డ్ కాల్స్ అన్నీ దాన్నే నింపేస్తున్నాయి. హాల్లో సీట్లున్నా టికెట్ కిటికీ దగ్గర తొక్కిసలాటన్నమాట.

మాటల స్లాట్ ఒకటి తీసి సిగ్నలింగ్‌కి ఇద్దామన్నాను.

"రద్దీగా ఉంటే స్లాట్లు తగ్గిస్తావా? మతి పోయిందా?" అన్నారు మా పై ఆఫీసరు.

"మీరే వచ్చి గేటు దగ్గర నిలబడండి సార్" అన్నాను విసుగ్గా. గొణుగుతూనే ఒప్పుకున్నారు.

మార్చేశానని సిస్టర్‌కి చెప్పాను. "చూద్దాం లెండి. జీపు దొరికి, బిడ్డ క్షేమంగా పుడితే మీకో రింగ్ ఇస్తా. ఎత్తకండేం!" అంది.

మాట్లాడేవాళ్లనే లెక్కేస్తే చాలదని, మాట్లాడకుండా కబురు చెప్పేవాళ్లకీ చోటుంచాలని ఆ టవర్ నాకు నేర్పింది.

ఆ వారంలోనే ఒక రాత్రి భోజనం చేస్తుంటే ఫోను మోగింది. సిస్టర్ నంబరు. అలవాటుగా ఎత్తబోయి చెయ్యి ఆపుకున్నాను. రెండు రింగులు మోగి ఆగిపోయింది. "బిడ్డ పుట్టిందే!" అని మా ఆవిడకి వినపడేలా అరిచాను.