మేక మెడలో ట్రాక్టరు బిళ్ళ

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలమేమీ కాదు, మా కొండ ఊరు టైడాలో ఫోను సిగ్నలు రైలు స్టేషను వెనకాల ఒక్క బండరాయి మీద మాత్రమే దొరికే రోజుల్లో, నాకు లోకమంతా తిరగాలని ఉండేది. కుదరదని కూడా తెలుసు. చిన్నప్పటి ఆయాసం వల్ల నన్ను బడికి పంపలేదు. అమ్మే వంటింట్లో పీట వేసి చదువు చెప్పింది. (పొయ్యి దగ్గర నేర్చుకున్న ఎక్కాలు నాకిప్పటికీ పోపు వాసనతోనే గుర్తొస్తాయి. దేవుడికి స్తోత్రం, గుర్తొస్తున్నాయి కదా.) అలా పెరిగినదాన్ని, ఇరవై ఏళ్ళకి కొండవాలులో ఒక అతిథి గృహం కౌంటరు దగ్గర కూర్చుని, వచ్చేవాళ్ళకి తాళాలిచ్చి, వెళ్ళేవాళ్ళ దగ్గర తాళాలు పుచ్చుకునే పనిలో చేరాను. అందరూ ఎక్కడినుంచో వచ్చేవారు, ఎక్కడికో వెళ్ళేవారు. నేనూ, తాళాలూ అక్కడే ఉండేవాళ్ళం.

ఆ వచ్చేవాళ్ళలో ఒకాయన విశాఖపట్నంలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని దిగేవారు కాబట్టి మా వంటవాళ్ళు ఆయన్ని బూట్ల మాస్టారు అనేవారు. నాకు జియోకాషింగ్ అంటించింది ఆయనే. అది పెద్దవాళ్ళ దాగుడుమూతలు. ఎవరో ఒక డబ్బాని అడవిలోనో ఊళ్ళోనో దాచి, అదెక్కడుందో ఇంటర్నెట్లో అంకెల్లో పెడతారు. తక్కినవాళ్ళు ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. దొరికితే లోపలి కాగితం మీద పేరు రాసి, డబ్బాని మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. "ఇంతేనా మాస్టారూ?" అన్నాను. "ఇంతే. కానీ ఇది చూడమ్మా," అని జేబులోంచి గొలుసున్న చిన్న లోహపు బిళ్ళ తీశారు. దాని మీద ఒక నెంబరు. పేరు ట్రాకబుల్ అట. దాన్ని డబ్బాలో వదిలితే, దొరికినవాళ్ళు ఇంకో ఊరి డబ్బాలోకి చేరుస్తారు, అక్కడినుంచి మరొకరు మరో దేశానికి. నెంబరు కొడితే అదెక్కడ తిరుగుతోందో మనం కూర్చున్నచోటే చూసుకోవచ్చు. ఆ 'కూర్చున్నచోటే' అన్న మాట దగ్గర నేను పడిపోయాను.

మొదటి జీతం రాగానే మాస్టారి చేత ఒక బిళ్ళ తెప్పించుకున్నాను. దాని పేజీలో 'ఈ బిళ్ళ కోరిక' అని రాయడానికి కొంచెం చోటుంటుంది. అక్కడ 'సముద్రం దాటాలి' అని రాశాను. ఇంట్లో చూపిస్తే అమ్మ ఇటూ అటూ తిప్పి, "ఏటే ఇది, ట్రాక్టరు బిళ్ళా?" అంది. "ట్రాకబుల్ అమ్మా," అన్నాను. "అదే, ట్రాక్టరు బిళ్ళే. మనకి ట్రాక్టరేదే?" అంది. అయినా నేను అడిగానని దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. అడవిలో మాస్టారు దాచిన డబ్బాలో బిళ్ళని పడుకోబెట్టి వచ్చాను. ఆయన వచ్చే సోమవారం వచ్చి తీసుకుని, ఆ వారంలోనే శ్రీలంక వెళ్ళబోతున్నారు. (చేతికే ఇచ్చేస్తే సరిపోయేది కదా అంటారేమో. నేనూ అన్నాను. "అది ఆట కాదమ్మా," అన్నారు మాస్టారు.) మొదటి అడుగులోనే సముద్రం! ఆ వారమంతా తాళాలు ఒకరివి ఒకరికిచ్చాను.

శనివారం ఉండబట్టలేక డబ్బా తెరిచి చూస్తే బిళ్ళ లేదు. దాని స్థానంలో గుప్పెడు రాజ్‌మా గింజలున్నాయి. కొండ దిగి వస్తుంటే దారిలో మేకలత్త ఎదురైంది. మేకలు కాచుకునే ఆవిడ ఊరందరికీ అత్తే. ఆవిడ వెనకాల ఎర్ర మేక, మేక మెడలో నా బిళ్ళ.

"అత్తా! అదెక్కడిది?"

"దేవుడిచ్చినాడే గుంటా! పసువుల డాక్టరుబాబొచ్చి అన్ని మేకలకీ సెవులికి నెంబర్లేసినాడా, ఆ రోజు ఈ దొంగపీనుగ కాఫీ తోటలోకి పారిపోనాది. నెంబరు నేని మేకని ఎవులు లెక్కెడతారు? పార్దన సేసుకున్నాను. ఇస్తర్లకి అడ్డాకులు కొయ్యడానికెల్తే రాయి కింద డబ్బా, డబ్బాలో నెంబరు! ఊరికే తీసుకోడం బాగోదని గుప్పెడు గింజలెట్టొచ్చినాను."

(ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాలన్నది ఈ ఆటలో నిజంగా ఒక నియమం.)

"అది నాదత్తా. లోకమంతా తిరగాలది."

"మా మేక మాత్రం ఒక్కసోట నిలబడుద్దేటి?"

"వేరే బిళ్ళ కట్టిస్తాను, ఇచ్చెయ్యత్తా."

"ఓలమ్మ! రేపు పంట పండక్కి దేవుడికిచ్చేసిన మేకే ఇది! దేవుడి సొత్తు మీద సెయ్యేత్తావేటే?"

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా క్రైస్తవ సంఘాల్లో పంటలు ఇంటికొచ్చాక పండగ చేస్తాం. గుమ్మడికాయలు, చోడిగింజలు, కోళ్ళు, ఎవరి కష్టంలో మొదటిది వాళ్ళు గుడికి తెచ్చి సమర్పిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. సమర్పించినదాంట్లోంచి పూచికపుల్ల కూడా వెనక్కి తీసుకోకూడదని నన్ను పెంచిన పెంపకం. పరుగున పాస్టరు అయ్యగారి దగ్గరికెళ్ళి నా గోడు చెప్పుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, "బిళ్ళని నువ్వే కదమ్మా అడవిలో వదిలావు, దొరికినవాళ్ళు తీసుకెళ్ళాలని?" అన్నారు.

"అవునండీ."

"మరి దొరికినావిడ తీసుకెళ్ళింది కదా."

నేను వెనక్కి తిరిగాను. "కావాలంటే రేపు వేలంలో మేకని పాడుకో," అని దారి మాత్రం చూపించారు.

ఆదివారం నేను పాటల బృందంలో నిలబడ్డాను గాని ఏ పాట పాడానో తెలీదు. కళ్ళన్నీ వరండాలో కట్టేసిన మేక మీదే. వేలంలో గుమ్మడికాయలయ్యాయి, కోళ్ళయ్యాయి, మేక వచ్చింది. సంఘపెద్ద ఇంకా నోరు తెరవకముందే చెయ్యెత్తేశాను. పార్వతీపురం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దాయన, కూతురి పెళ్ళి విందు ఉందని, నా పాట మీద ఎక్కువకి పాడారు. నేను ఇంకా మీద పాడాను. ఆయన ఆలోచిస్తుంటే, భయమేసి మళ్ళీ పాడాను. "నీ పాట మీద నువ్వే పాడతన్నావే గుంటా!" అన్నాడు సంఘపెద్ద. గుడంతా గొల్లున నవ్వింది. అమ్మ వెనకనుంచి నా చెంగు లాగి, "మేకనేటి సేసుకుంటావే, కౌంటరు మీద కూకోబెడతావా?" అంది. నా జీతం ఎక్కడ ఆగిపోతుందో అక్కడ నా చెయ్యి కూడా ఆగిపోయింది. మేక పెద్దాయనదైంది.

బయట ఆయన్ని పట్టుకుని, "బాబాయిగారూ, మేకని తీసుకెళ్ళండి, ఆ బిళ్ళ ఒక్కటి ఇప్పించండి," అని బతిమాలాను. ఇప్పుడది దేవుడి సొత్తు కాదు, ఆయన సొత్తు. అడగొచ్చు. ఆయన బిళ్ళని గట్టిగా పట్టుకుని, "బలేదానివమ్మా! నువ్వంత ఎగబడితేనే కదా ఇదేదో నెంబరున్న మేలుజాతని నేను అంత పాడింది! ఇది లేకుండా తీసుకెల్తే మా వియ్యంకుడు నమ్ముతాడేటి?" అన్నారు. జీపు కదిలింది. మేక వెనక్కి చూస్తూ వెళ్ళింది. మేకలత్త మాత్రం, "సూసినావా, నెంబరుంటే ఎంత పలికిందో!" అని సంతోషంతో కళ్ళు తుడుచుకుంది.

సోమవారం మాస్టారికి చెబితే ఆయన మెట్ల మీద కూర్చుని, బూట్లు పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ, ఖాళీ చేతులతో శ్రీలంక వెళ్ళిపోయారు. నేను కౌంటరు కింద దూరి ఏడ్చాను. తరవాత, దొరకనిదానికి కూడా స్తోత్రం చెప్పాలని నేర్చుకున్నదాన్ని కాబట్టి, చెప్పాను. (కొంచెం విసురుగానే చెప్పాను. దేవుడు అర్థం చేసుకుని ఉంటాడు.)

కొన్నాళ్ళకి బండరాయెక్కి చూస్తే, నా బిళ్ళ పేజీలో ఎవరో తెలుగులో రాశారు. "అక్కా, ఈ నెంబరు మీదేనా? నా పెళ్ళి విందుకి మా నాన్న తెచ్చిన మేక మెడలో ఉంది. మేక చాలా బాగుంది." (ఏ విధంగా బాగుందో నేను అడగలేదు.) "బిళ్ళ మీద వెబ్‌సైటు పేరుంటే చూసి రాస్తున్నాను. నేను అత్తారింటికి వెళ్తున్నాను. ఊరూ కొత్త, మనుషులూ కొత్త. పెట్టె నిండా వస్తువులన్నీ అమ్మావాళ్ళే సర్దారు. ఇదొక్కటే నా అంతట నేను పెట్టుకున్నాను. ఉంచుకోవచ్చా?"

'అది ఆగకూడదమ్మా, సముద్రం దాటాలి, దగ్గర్లో ఉన్న డబ్బాలో పెట్టు' అని పొడవుగా కొట్టాను. పంపేలోపు ఇంకోసారి ఆమె మాటలు చదివాను. ఊరు దాటి వెళ్ళలేని నేను ఒక బిళ్ళని పంపించి మురిసిపోవాలనుకున్నాను. అక్కడ ఒక పిల్ల తనే వెళ్తోంది. కొట్టిందంతా చెరిపేసి, "ఉంచుకో చెల్లీ, జాగ్రత్తగా వెళ్ళిరా," అని పంపాను. అమ్మ చేత ఆ పిల్ల కోసం ప్రార్థన కూడా చేయించాను. "ట్రాక్టరు బిళ్ళున్న గుంట కదా," అని అమ్మే గుర్తు చెప్పి మరీ చేసింది.

దేవుడి దయవల్ల ఆ తరవాత చాలా బిళ్ళలు పంపాను. సముద్రాలు దాటాయి, మంచులో ఫోటోలు దిగాయి. చూసి సంతోషిస్తాను. కానీ తన పాట మీద తనే పాడుకున్న ఆ ఇరవై ఏళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చినప్పుడల్లా ఆ మొదటిదాని పేజీయే తెరుస్తాను. అది ఆ పెళ్ళికూతురి చేతిలోనే ఆగి ఉంటుంది. బిళ్ళ పోయిందని నమోదు చెయ్యడానికి పేజీ కింద ఒక మీట ఉంటుంది. పోలేదు, కాపురానికెళ్ళింది అనుకుని, పేజీ మూసేస్తాను.