లైన్ క్లియర్ వచ్చాక మోగిన ఫోన్

ఇనప కుర్చీ నా మోచేతి మీద పడ్డప్పుడు ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. రెండో దెబ్బ నుదుటికి తగిలింది. కళ్లలోకి రక్తం కారుతున్నా స్విచ్చికి అడ్డంగానే నిలబడ్డాను. నన్ను అక్కడ నిలబెట్టింది ఒక ఫోన్.

నేను విశాఖ హార్బర్ దగ్గర ఒక సబ్‌స్టేషన్లో ఆపరేటర్‌ని. అంతకుముందు ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. దయ్యం ఉందని ఎక్కడ పుకారు లేచినా వెళ్లి, దాని వెనక మనిషిని పట్టుకుని వచ్చేవాణ్ణి.

కరెంటు సంస్థలో ఉద్యోగం ఎలా ఉంటుందంటే, లైను బాగున్నన్నాళ్లూ మన మొహం ఎవరికీ తెలియదు. పోయిందంటే మాత్రం ఊరందరికీ మన అమ్మా అక్కా గుర్తొస్తారు.

తుపాను వెళ్లాక ఓ మధ్యాహ్నం ఫోర్‌మన్ అప్పలరాజు నా దగ్గర లైన్ క్లియర్ తీసుకున్నాడు. అంటే, లైను ఆపించి తన మనుషుల్ని స్తంభాలెక్కించాడు. దీనికి మాలో ఒకటే నియమం. తీసుకున్నవాడే తన నోటితో తిరిగివ్వాలి. ఇంకెవరి మాటా చెల్లదు.

ఈలోగా రేవు మనుషులు లోపలికి దూసుకొచ్చారు. కరెంటు లేక ఐసు కరిగిపోయింది. సరుకు పోతే వాళ్లకు పూట గడవదు.

"సేపలు కుళ్లిపోతన్నాయి, నువ్వు ఫ్యాను కింద కూకున్నావేటి?" అని ఒకడు నా కాలరు పట్టుకున్నాడు. ఆ ఫ్యానూ తిరగడం లేదు.

అప్పుడే నా సెల్‌కు అప్పలరాజు చేశాడు. "అందరం దిగిపోనాం బావ. ఎయ్యి లైను." స్పీకరులో అందరూ విన్నారు. నా చెయ్యి స్విచ్చి మీదికి వెళ్లింది.

పక్క బల్ల మీద పాత ల్యాండ్‌ఫోన్ మోగింది. ఎత్తాను.

"ఎయ్యకు మావా. నాను పైనే ఉన్నాను."

సింహాద్రి గొంతు. అప్పలరాజు కింద పనిచేస్తాడు. నన్ను మావా అని పిలిచేది వాడొక్కడే. నియమం ప్రకారం వాడి మాట చెల్లదు. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఆటలాడతన్నావేట్రా!" అంటూ మీద పడ్డారు. కుర్చీ లేచింది. కడుపులో తన్నారు. పన్ను ఊడి చొక్కా మీద పడింది. పోలీసులు వచ్చి లాగేదాకా ఎవరినీ స్విచ్చి తాకనివ్వలేదు.

సింహాద్రి నిజంగానే పైన ఉన్నాడు. చివరి స్తంభం దగ్గర పొరపాటున కరెంటొస్తే నేలలోకి పోయేలా లైనుకు తగిలించిన ఎర్తు గొలుసు మరిచిపోయామని గుర్తొచ్చి, అప్పలరాజుకు చెప్పకుండా మళ్లీ ఎక్కాడట. ల్యాండ్‌ఫోన్ మోగేసరికి గొలుసు విప్పేశాడు. తీగ ఇంకా చేతిలోనే ఉంది.

ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. ఎవరి ఫోన్లోంచి చేశావురా అని అడిగాను.

"నా ఫోను వానకి తడిసి సచ్చిపోనాది మావా. అయినా, గొలుసు బోల్టు పళ్లతో కరిసిపట్టుకుని ఉన్నాను. ఏటి మాటాడతాను?"

నన్ను కొట్టినవాడు కూడా ఫోన్ మోగిందనే పోలీసులకు చెప్పాడు. తర్వాత టెలిఫోన్ వాళ్లొచ్చి చూశారు. ప్రహరీ అవతల కూలిన చెట్టు కింద మా ల్యాండ్‌ఫోన్ తీగ తెగి ఉంది. తుపాను కొట్టిన రోజు నుంచీ ఆ ఫోన్ పనిచేసే వీలే లేదన్నారు.

ఆ రోజు నాతో మాట్లాడింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.