పేరున్న ముక్క

మా కబడ్డీ మేడమ్ సోమవారం పొద్దున ఉప్పల్‌లోని తన ఇంట్లో చనిపోయారు. నెల కిందట ఆమె నన్ను ఒక మాట అడిగితే అబద్ధం చెప్పాను. వచ్చే ఆదివారం మా జట్టుకు సెలక్షన్స్ ఉన్నాయి. అందుకే నిజం ఇప్పుడే రాస్తున్నాను.

నాచారం గ్రౌండ్‌లో ఆమె దగ్గర నాలుగేళ్లు ఆడాను. జలుబుకో కడుపునొప్పికో మాలో ఎవరు ఏ గోలీ వేసుకున్నా, ప్రాక్టీసుకు ముందు దాని షీటు తెచ్చి పేరు పైకి చదవాలి. నాలుగు గోలీలు అడిగితే మందుల షాపులో కత్తెరతో కత్తిరించి ఇస్తారు. పేరు షాపులోనే ఉండిపోతుంది. అలాంటి ముక్క తెస్తే మేడమ్ వెనక్కి పంపేవారు.

"పేరున్న ముక్క తీస్కరాపో."

"తలనొప్పి గోలీయే మేడమ్."

"అని గోలీ నీకు చెప్పిందా?"

అందరం నవ్వేవాళ్లం. ఆమె నవ్వేవారు కాదు.

మా ఇంట్లో బడికి వెళ్లినదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ ఒక కంపెనీలో రోజంతా నిలబడి ప్యాకింగ్ చేస్తుంది. కాళ్లనొప్పులకు రోజూ గోలీలు మింగేది. "మీ అమ్మకు సదువు రాదు, నీకొచ్చు. నువ్వన్న సదువకపోతే ఎట్ల బిడ్డా?" అన్నారు మేడమ్. నేను చదివి చెప్పిన పేరు విని, ఆమే అమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు.

తన సంగతి ఒక్కసారే చెప్పారు. "మోకాలు వాస్తే మ్యాచ్ ముందట సూదేసెటోళ్లు. ఏం సూదని నేనడగలే. నొప్పి తెల్వలే, మస్తు ఆడిన." ఆ తర్వాత ఏళ్ల తరబడి నొప్పి గోలీలు. కిడ్నీలు పోయాయి. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసిన ఎడమ చేతి మీద నరం ఉబ్బి ఉండేది. నా వేళ్లు దాని మీద పెట్టించారు. చర్మం కింద ఏదో ఆగకుండా గిర్రున తిరుగుతోంది. చెయ్యి లాక్కున్నాను.

"భయమైందా? కానియ్, మంచిదే."

ఆమె రాలేని రోజుల్లో ఒక కొత్త ట్రైనర్ వచ్చాడు. మా అందరికీ తలా ఒక డబ్బా తెల్లటి పొడి ఇచ్చాడు. డబ్బాల మీది కాగితం గీకేసి ఉంది. "ఏం గాదు, విటమిన్లే. అలుపు రాదు" అన్నాడు. నిజంగానే రాలేదు. పదకొండు రోజులు తాగాను. క్లాసులో ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది. పెన్ను పట్టుకుంటే వేళ్లు వణికేవి.

దవాఖానాలో ఉన్న మేడమ్‌ను చూడ్డానికి వెళ్తే, ఆమె నా వేళ్లనే చూశారు.

"ఏమన్న తాగుతున్నవా?"

"లేదు మేడమ్."

మేడమ్ తలగడ పక్కనున్న తన మందుల షీట్లు నా చేతికిచ్చి, "సదువు, నేనింట" అన్నారు. ఒక్కొక్కటే చదివాను. కళ్లు మూసుకుని అన్నీ విన్నారు.

ఆ రోజు నుంచి పొడి ముట్టలేదు. కానీ ఎవరికీ చెప్పలేదు. దహనం నుంచి వచ్చాక డబ్బా తీసి అమ్మ ముందు పెట్టాను. డాక్టర్ దగ్గరికి వెళ్తే, అందులో ఏముందో తెలియకుండా ఏమీ చెప్పలేనన్నారు. జట్టులో పన్నెండు మందిమి. అందరికన్నా చిన్నదానికి పద్నాలుగేళ్లు. మిగతావాళ్లు ఇంకా తాగుతూనే ఉన్నారు.

మీ అమ్మాయి మాతో ఆడుతుంటే ఈ రోజే ఆమె సంచి చూడండి. డబ్బా కనిపిస్తే తిట్టకండి, పారేయకండి; అందులో ఏముందో తేల్చాలంటే అది ఉండాలి. అక్షరం రాని మా అమ్మ నా డబ్బాను గుమ్మం వెలుగులోకి తీసుకెళ్లి, చుట్టూ తిప్పి, మూత విప్పి లోపల కూడా వెతికి, "పేరేడుందే?" అని అడిగింది. మీ ఇంట్లో ఏం దొరికిందో శనివారం సాయంత్రంలోగా నాకు చెప్పండి.